స్కాట్లండ్ బాటసారి



1911లో లండన్‌లో ఒక లావుపాటి పుస్తకం వెలువడింది. విషయం దక్షిణ స్లావుల సమస్య, హాబ్స్‌బర్గ్ రాజ్యం. అంకితం పుటలో మనిషి పేరు లేదు. ఈ సమస్యను పరిష్కరించగల ధైర్యమూ ప్రతిభా ఏ ఆస్ట్రియన్ రాజనీతిజ్ఞుడికి ఉంటాయో, ఆయనకు ఈ పుస్తకం అంకితం అని మాత్రం రాసి ఉంది. మన ప్రబంధకవులు కృతిపతి కోసం ఆస్థానాలు చూసుకున్నారు. ఈ రచయిత పుస్తకం రాసేసి, కృతిపతి ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూశారు. ఆ కృతిపతి రాలేదు. ఏడేళ్ళు తిరిగేసరికి ఆ సామ్రాజ్యమే లేదు. అది పోవాలని వాదించిన వాళ్ళలో ముందు వరసలో నిలబడ్డది మళ్ళీ ఈ రచయితే.

ఆయన పేరు రాబర్ట్ విలియం సెటన్-వాట్సన్. 1879లో పుట్టారు. స్కాటిష్ కుటుంబం. కలిగినవాళ్ళు కాబట్టి ఉద్యోగం కోసం ఎవరి గడపా తొక్కే అవసరం లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, బెర్లిన్‌లోనూ పారిస్‌లోనూ కొంతకాలం గడిపి, 1905 నవంబరులో వియన్నాలో దిగారు. అప్పటికి 26 ఏళ్ళు. ఆ రాజ్యం మీద ఆయనకు ద్వేషం ఏ కోశానా లేదు. సరిగ్గా ఈ సంగతే ఇవాళ మీతో పంచుకోవాలనుకుంటున్నాను. మంచి కోరి వచ్చిన ఒక పరాయి మనిషి ఎలా మారాడు, ఆయన మారడంతో ఒక పెద్ద సామ్రాజ్యం గురించి లోకం అభిప్రాయం ఎలా మారింది అన్నది.

ముందు ఆ సామ్రాజ్యం సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఆస్ట్రియా-హంగేరీలో దాదాపు 5 కోట్ల జనం. జర్మన్లు, మజ్యార్లు, చెక్‌లు, స్లోవాక్‌లు, పోలిష్ వాళ్ళు, రుథేనియన్లు, రుమేనియన్లు, క్రొయేట్లు, సెర్బులు, స్లోవీన్లు, ఇటాలియన్లు, ఇన్ని జాతులు ఒకే చక్రవర్తి కింద బతికాయి. మజ్యార్లంటే హంగేరియన్ భాష మాట్లాడేవాళ్ళు. 1867లో కుదిరిన ఒడంబడికతో రాజ్యం రెండు వాటాలైంది. ఒక వాటాకు వియన్నా, రెండో వాటాకు బుడాపెస్ట్ రాజధానులు. చక్రవర్తి, సైన్యం, విదేశాంగం మాత్రం ఉమ్మడి. హంగేరీ వాటాలో, క్రొయేషియాను కూడా కలిపి లెక్కవేస్తే, 1910 జనాభా లెక్కల ప్రకారం మజ్యార్లు 48 శాతమే. అధికారం మాత్రం పూర్తిగా వాళ్ళ చేతిలో ఉండేది. ఓటుహక్కు జనాభాలో ఆరు శాతానికి మించి లేదు. సుమారు 20 లక్షల స్లోవాక్‌ల తరపున 1906లో బుడాపెస్ట్ పార్లమెంటులో కూర్చున్నది ఏడుగురు. 1910 ఎన్నికల్లో ఆ ఏడుగురూ ముగ్గురయ్యారు.

అప్పటి ఇంగ్లండులో ఈ లెక్కలు ఎవరికీ పట్టలేదు. హంగేరీ అనగానే వాళ్ళ కళ్ళముందు కదిలేది లాయోష్ కొషూత్. 1848 విప్లవానికి నాయకుడు. ఓడిపోయి, ప్రవాసిగా 1851లో ఇంగ్లండు వచ్చినప్పుడు ఊరూరా జనం విరగబడి ఆయన్ని చూశారు. అప్పటినుంచి హంగేరియన్లంటే స్వేచ్ఛాప్రియులు, నిరంకుశత్వాన్ని ఎదిరించినవాళ్ళు అన్న ముద్ర పడిపోయింది. దూరపు కొండలు నునుపు కదా. సెటన్-వాట్సన్ కూడా ఆ నునుపునే నమ్ముకుని వచ్చారు. మొదట్లో ఇంగ్లండు పత్రికలకు పంపిన రాతల్లో ఆయన పక్షం మజ్యార్లదే.

1906లో హంగేరీ వెళ్ళి స్వయంగా తిరిగారు. తక్కిన జాతుల సంగతేమిటని అధికారులనూ నాయకులనూ అడిగారు. అలాంటి సమస్యే లేదని కొందరు తోసిపుచ్చారు. అంతటితో ఆగకుండా స్లోవాక్ ప్రాంతానికి వెళ్ళారు, ట్రాన్సిల్వేనియాలో రుమేనియన్లను కలిశారు. వాళ్ళు చెప్పింది విన్నారు, చట్టాలు తిరగేశారు, కోర్టు తీర్పులు సేకరించారు. 1868 నాటి జాతుల చట్టం కాగితం మీద ఉదారంగానే ఉంది. ఆచరణకు వస్తే, స్లోవాక్‌ల ఉన్నత పాఠశాలలు మూడూ 1870లలోనే మూతపడ్డాయి. వాళ్ళ సాంస్కృతిక సంస్థ మాటిత్సాను ప్రభుత్వం 1875లో మూసేసింది. 1907లో విద్యామంత్రి అల్బర్ట్ అపోన్యీ తెచ్చిన చట్టం బడిపిల్లలు నాలుగో ఏడు ముగిసేసరికి హంగేరియన్‌లో మాట్లాడగలగాలి అంది. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష బడిలో పనికిరానిదైంది.

అదే ఏడాది అక్టోబరు 27న చెర్నోవా అనే పల్లెలో జరిగింది వినండి. ఊరివాళ్ళు చందాలు పోగుచేసుకుని చర్చి కట్టుకున్నారు. అందుకు పూనుకున్నవాడు ఆ ఊళ్ళోనే పుట్టిన పూజారి ఆంద్రేయ్ హ్లింకా. స్లోవాక్ రాజకీయాల్లో తిరుగుతున్నాడని బిషప్ ఆయన్ని విధుల నుంచి తప్పించాడు. ప్రతిష్ఠ ఆయన చేతి మీదుగానే జరగాలని ఊరివాళ్ళు పట్టుబట్టారు. అధికారులు వేరే పూజారులను సాయుధ భటుల కాపలాతో పంపించారు. హ్లింకా ఆ రోజు ఊళ్ళో లేడు. జనం బళ్ళకు అడ్డం నిలబడ్డారు. భటులు కాల్చారు. 15 మంది చనిపోయారు. ఆ తర్వాత కేసులు పెట్టి శిక్షలు వేసింది కూడా ఊరివాళ్ళకే.

ఆ వార్త స్లోవాక్ పత్రికల్లో మాత్రమే వచ్చి ఉంటే అక్కడే అణిగిపోయేది. పరాయివాళ్ళు అందుకోబట్టి అది యూరప్ అంతటా తెలిసింది. నోబెల్ బహుమతి పొందిన నార్వే రచయిత బ్యోర్న్‌స్టియెర్న బ్యోర్న్‌సన్ అపోన్యీ మీద నేరుగా కలం ఎత్తారు. బయటి దేశాల శాంతి సభల్లో శాంతి గురించి మాట్లాడే ఈ మంత్రి సొంత దేశంలో చేస్తున్నదేమిటని అడిగారు. 1908లో సెటన్-వాట్సన్ పుస్తకం వచ్చింది, హంగేరీలో జాతుల సమస్యల మీద. కలం పేరు స్కోటస్ వియాటర్. లాటిన్‌లో స్కాట్లండ్ బాటసారి అని అర్థం. అందులో చట్టాలు, ఎన్నికల అక్రమాలు, పత్రికల మీద పెట్టిన కేసుల పట్టికలు ఉన్నాయి. వాటి పక్కనే స్లోవాక్‌ల జానపద కళ గురించి, పాటల గురించి అధ్యాయాలు ఉన్నాయి. ఈ రెండోది నన్ను ప్రత్యేకంగా కదిలిస్తుంది. బాధితుల జాబితాలో అంకెలుగా ఉన్నవాళ్ళకు ఆయన ఒక పాటనూ ఒక అల్లికనూ తిరిగి ఇచ్చారు. చదివినవాళ్ళకు అక్కడొక జాతి ఉందని తెలిసింది.

బుడాపెస్ట్ పత్రికలు మండిపడ్డాయి. స్కోటస్ వియాటర్ అన్న పేరే అక్కడ తిట్టయింది. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమిటో చూపడం కంటే, చెప్పిన మనిషి మీద పడటం సులువు. పరాయివాడు, మా ఇంటి విషయం నీకెందుకు అన్నది ఎక్కడైనా మొదట వచ్చే జవాబే. కానీ ఇంట్లోవాళ్ళ గోడు వినేవాళ్ళు లేనప్పుడే కదా వీధిలో పోయేవాడి మాటకు విలువ వచ్చేది.

ఆ మరుసటి ఏడు వియన్నా కోర్టులో జరిగింది ఆయన్ని ఇంకా గట్టిగా కుదిపింది. జాగ్రెబ్‌లో 53 మంది సెర్బుల మీద రాజద్రోహం కేసు నడుస్తున్న రోజులవి. 1909 మార్చిలో వియన్నా చరిత్రకారుడు హైన్‌రిష్ ఫ్రీడ్‌యుంగ్ ఒక ప్రముఖ పత్రికలో వ్యాసం రాశారు. క్రొయేషియాలోని సెర్బ్-క్రొయేట్ నాయకులు సెర్బియా ప్రభుత్వం దగ్గర డబ్బు తింటున్నారన్నది అందులో ఆరోపణ. ఆధారాలు ఆయనకు విదేశాంగ శాఖ నుంచే అందాయి. ఆ నాయకులు పరువునష్టం దావా వేశారు. డిసెంబరులో విచారణ జరిగింది. ఆ పత్రాల ప్రకారం బెల్‌గ్రేడ్‌లో ఒక రహస్య సమావేశానికి ప్రొఫెసర్ మార్కోవిచ్ అధ్యక్షత వహించాడు. అదే సమయంలో ఆయన బెర్లిన్‌లో ఉన్నాడని అక్కడి పోలీసుల నమోదు తేల్చింది. పత్రాలు దొంగవి. ఫ్రీడ్‌యుంగ్ తన ఆరోపణలు ఉపసంహరించుకోవలసి వచ్చింది. నిక్కచ్చి మనిషిగా, పండితుడిగా పేరున్నవాడే ప్రభుత్వం ఇచ్చిన దొంగకాగితాలను నమ్మి మోసపోయాడు.

ఆ కోర్టు గదిలో సెటన్-వాట్సన్ కూర్చుని విన్నారు. దొంగపత్రాల బండారం బయటపెట్టడానికి పట్టు వదలకుండా పోరాడినవాడు ప్రాగ్ ప్రొఫెసర్ థామస్ మసారిక్. చెక్ జాతి గర్వంగా చెప్పుకునే ప్రాచీన రాతప్రతులు కల్పితాలని 1886లో సొంతవాళ్ళ ఆగ్రహానికి గురై కూడా చెప్పిన మనిషి ఆయనే. సెటన్-వాట్సన్ మనసులో అలాంటి మనిషికి ఎంత చోటు దొరికి ఉంటుందో మీరే ఊహించండి.

ఇంత చూశాక కూడా 1911లో ఆయన ఆ రాజ్యం కూలిపోవాలని రాయలేదు. బాగుపడాలనే రాశారు. ఇప్పుడు ఆ అంకితం మళ్ళీ గుర్తు చేసుకోండి. రాజ్యం రెండు వాటాల బదులు మూడు వాటాలైతే, దక్షిణ స్లావులకు, అంటే క్రొయేట్లకు, సెర్బులకు, స్లోవీన్లకు, సమాన హోదా దొరికితే, ఇది నిలబడుతుందని ఆయన నమ్మకం. యువరాజు ఫ్రాంట్స్ ఫెర్డినాండ్ గద్దెనెక్కితే మార్పు వస్తుందని ఆశ పెట్టుకున్నారు. 1914 జూన్ 28న సరయేవోలో ఆ యువరాజు హత్యకు గురయ్యారు. నెల తిరిగేసరికి సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది సెటన్-వాట్సన్ బాగు కోరిన ఆ రాజ్యమే. అంతటితో ఆయన నమ్మకం తెగిపోయింది. నా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు ఇక్కడుంది. శత్రువులు ఉండటం ఏ సామ్రాజ్యానికైనా మామూలే. తన మంచి కోరి ఏళ్ళ తరబడి చెప్పినవాడి మాట చెవిన పెట్టకపోవడం వల్ల ఆస్ట్రియా-హంగేరీ అతన్ని తానే శత్రువుగా మార్చుకుంది.

ఆ అక్టోబరులో తటస్థ దేశమైన హాలండ్‌లోని రాటర్‌డామ్‌కు మసారిక్ వచ్చారు. సెటన్-వాట్సన్ వెళ్ళి కలిశారు. రెండు రోజులు మాట్లాడుకున్నారు. స్వతంత్ర చెక్ రాజ్యం ఎలా ఉండాలో, సరిహద్దులు ఎక్కడ గీయాలో మసారిక్ చెప్పినదంతా రాసుకుని, లండన్ తిరిగొచ్చి నివేదికగా విదేశాంగ శాఖకు అందించారు. ఒక ప్రొఫెసరూ ఒక పుస్తకాల మనిషీ గదిలో కూర్చుని మాట్లాడుకున్న మాటలు అలా ప్రభుత్వ దస్త్రాల్లోకి చేరాయి. తర్వాత మసారిక్ ప్రవాసంలోకి వచ్చేశారు. లండన్ కింగ్స్ కళాశాలలో ఆయనకు అధ్యాపక పదవి దొరికేలా చూసింది సెటన్-వాట్సన్, కళాశాల ప్రిన్సిపాల్ రొనాల్డ్ బరోస్. 1915 అక్టోబరులో యూరప్ సంక్షోభంలో చిన్న జాతుల సమస్య మీద మసారిక్ అక్కడ తొలి ఉపన్యాసం ఇచ్చారు.

పారిస్‌లో ఇదే పని చరిత్రకారుడు ఎర్నెస్ట్ దెనీ చేశారు. చెక్‌ల నేల బొహీమియా చరిత్ర మీద జీవితమంతా గడిపిన ఆయన 1915 మేలో చెక్ జాతి పేరుతోనే ఒక పత్రిక పెట్టారు. లండన్‌లో 1916 అక్టోబరులో సెటన్-వాట్సన్ వారపత్రిక 'న్యూ యూరప్' మొదలైంది. ఖర్చు చాలావరకు ఆయన సొంత డబ్బే. విదేశాంగ శాఖలో యువ అధికారులు దాన్ని వదలకుండా చదివేవారు. యుద్ధం ముగిశాక పారిస్ శాంతి సభలో పనిచేసిన హెరల్డ్ నికల్సన్ ఆ పత్రిక తన ఆలోచన మీద ఎంత పని చేసిందో తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నారు.

పై స్థాయిలో ఉన్నవాళ్ళు మాత్రం అంత తొందరగా కదల్లేదు. 1918 జనవరి 5న బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ ఆస్ట్రియా-హంగేరీని ముక్కలు చేయడం తమ యుద్ధలక్ష్యం కాదని స్పష్టంగా అన్నారు. మూడు రోజుల తర్వాత అమెరికా అధ్యక్షుడు విల్సన్ తన 14 సూత్రాల్లో ఆ ప్రజలకు స్వయంపాలన అవకాశం ఉండాలని అన్నారే తప్ప స్వాతంత్ర్యం అనలేదు. ఆస్ట్రియా-హంగేరీతో వేరుగా సంధి కుదుర్చుకుందామన్న ఆశ వసంతంలో ఆవిరైపోయాక గాలి మారింది. ఏప్రిల్‌లో పీడిత జాతుల మహాసభ రోమ్‌లో జరిగింది. శత్రుదేశాల్లో ప్రచారం కోసం లండన్‌లో పెట్టిన విభాగంలో ఆస్ట్రియా-హంగేరీ శాఖను నడిపినవాళ్ళు సెటన్-వాట్సన్, ఆయన మిత్రుడు హెన్రీ వికమ్ స్టీడ్. ఆగస్టులో బ్రిటన్, సెప్టెంబరు 3న అమెరికా మసారిక్ నాయకత్వంలోని చెకోస్లోవాక్ జాతీయ మండలిని గుర్తించాయి. డిసెంబరు 21న మసారిక్ అధ్యక్షుడిగా ప్రాగ్‌లో అడుగుపెట్టారు. ఈ గెలుపు రచయితలదే అనడం అతిశయోక్తి. యుద్ధంలో ఓటమి, ఆకలి, సైన్యంలో తిరుగుబాట్లు రాజ్యాన్ని కూల్చాయి. కూలాక ఏం కట్టాలన్న నమూనా మాత్రం వీళ్ళ బల్లల మీద సిద్ధంగా ఉంది.

స్టీడ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1902 నుంచి 1913 దాకా వియన్నాలో లండన్ 'టైమ్స్' విలేకరి. 1913లో హాబ్స్‌బర్గ్ రాజ్యం మీద ఆయన రాసిన పుస్తకం చాలామంది చేతుల్లో తిరిగింది. యూదుల మీద ఆయనకున్న ద్వేషం ఆ పుస్తకంలో కూడా దాగలేదు. ఫ్రీడ్‌యుంగ్ పత్రాల గొడవ దగ్గరుండి ఎరిగిన ఈ మనిషే, 1920 మేలో, తాను సంపాదకుడిగా ఉన్న 'టైమ్స్'లో, యూదులు లోకాన్ని ఏలడానికి కుట్ర పన్నారని చెప్పే మరో దొంగపత్రం నిజమేనేమో అన్న ధోరణిలో వ్యాసం వేశారు. అది నకలని మరుసటి ఏడు ఆగస్టులో అదే పత్రిక రుజువులతో ప్రచురించింది. ఈలోపు జరగాల్సిన హాని జరిగింది. పీడితుల పక్షాన నిలబడిన మనసులోనే ఇంకో జాతి మీద ఇంత విషం ఉండగలదన్నది చదివినప్పుడల్లా నాకు బాధ కలిగిస్తుంది.

ఆ 'టైమ్స్' విదేశీ విభాగాన్ని స్టీడ్ కంటే ముందు నడిపినవాడు వాలెంటైన్ చిరోల్. తిలక్‌ను భారతదేశ అశాంతికి జనకుడని పుస్తకంలో రాసినవాడు ఆయనే. ఆయన మీద దావా వేయడానికి తిలక్ లండన్ వెళ్ళి 1919 మొదట్లో కేసు ఓడిపోయారు. 1918 డిసెంబరులో కాంగ్రెస్ తిలక్‌ను పారిస్ శాంతి సభకు ప్రతినిధిగా ఎన్నుకుంది. పారిస్ వెళ్ళడానికి ఆయనకు అనుమతి దొరకలేదు. మసారిక్‌కు తెరుచుకున్న తలుపు తిలక్‌కు మూసే ఉంది. చిన్న జాతుల కోసం నిజాయితీగా పాటుపడ్డ లండన్ మేధావులు తమ సొంత సామ్రాజ్యంలోని జాతుల ముందు అదే కొలబద్ద పెట్టలేకపోయారు.

1920 జూన్ 4న త్రియానాన్ ఒప్పందంతో హంగేరీ మూడింట రెండు వంతుల భూమిని కోల్పోయింది. 30 లక్షలకు పైగా మజ్యార్లు సరిహద్దులకు అవతల మిగిలిపోయారు. చెకోస్లోవాకియాలో 1921 లెక్కల ప్రకారం 30 లక్షలకు పైగా జర్మన్లున్నారు, దాదాపు ఏడున్నర లక్షల హంగేరియన్లున్నారు. పాత బహుళజాతి రాజ్యం పోయి చిన్న బహుళజాతి రాజ్యాలు పుట్టాయి. చెర్నోవా హ్లింకా గుర్తున్నాడు కదా. 1919లోనే ఆయన మారుపేరుతో పారిస్ వెళ్ళి, ప్రాగ్ నుంచి స్లోవాక్‌లకు స్వయంపాలన కావాలని శాంతి సభను అడిగారు. తిరిగొచ్చాక కొత్త ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. సెటన్-వాట్సన్ మళ్ళీ స్లోవాకియా వెళ్ళి తిరిగి, 1924లో పుస్తకం రాసి, ప్రాగ్ పాలకులకు వాళ్ళ లోపాలు చెప్పారు. దక్షిణ స్లావుల కొత్త రాజ్యం యుగోస్లావియాలో 1929లో రాజు నియంతగా మారినప్పుడు విమర్శించారు. తాను కోరి నిలబెట్టిన రాజ్యాల తప్పులనూ దాచకపోవడం వల్లనే ఆయన మీద నా గౌరవం చెక్కుచెదరలేదు.

ఈ కథ మన గడప దాకా కూడా వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్ళకు, 1955లో, అంబేడ్కర్ భాషారాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో పాత ఆస్ట్రియా, టర్కీ సామ్రాజ్యాలను ఉదాహరణ చూపించారు. పలు భాషలు కలగలిసిన రాజ్యాలు కావడం వల్లనే అవి పగిలిపోయాయన్నది ఆయన వాదన. ఒక రాష్ట్రంలో ఒకే భాష ఉండటం మేలంటూనే, అదే పేరుతో రాగల ప్రమాదాలనూ హెచ్చరించారు. అంబేడ్కర్ మీద ఎంతో గౌరవంతోనే ఇక్కడ నా మాట చెబుతాను. భాషలు ఎక్కువవడం వల్ల ఆస్ట్రియా పోయిందన్నది 1918 తర్వాత లోకంలో స్థిరపడిన ముగింపు. ఆ ముగింపుకు బాటలు వేసిన సెటన్-వాట్సనే 1914 దాకా వాదించింది వేరు. భాషలకు గౌరవం ఇస్తే ఆ రాజ్యం నిలుస్తుందనే ఆయన వాదించారు. పుస్తకాల్లోని వాదం మరుగునపడి, పటం మీది ఫలితం మాత్రం పాఠంగా మిగిలింది. 14 భాషలతో మొదలైన మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఇవాళ 22 భాషలున్నాయి. పాత ఆస్ట్రియాకు ఆ దారి ఎవరూ చూపించలేదని కాదు.

మళ్ళీ సెటన్-వాట్సన్ కథకు వస్తే, 1930లలో ఇంకో బ్రిటిష్ పండితుడు బయల్దేరారు. సి.ఎ. మెకార్ట్నీ. ఆయన హంగేరియన్ భాష నేర్చుకుని, అక్కడ తిరిగి, సరిహద్దుల అవతల మిగిలిన మజ్యార్ల బాధ చూశారు. త్రియానాన్ తర్వాత ఆ ప్రాంతాలకు ఏమైందో 1937లో పెద్ద పుస్తకంగా రాశారు. పాతికేళ్ళ కిందట సెటన్-వాట్సన్ నడిచిన దారి అది. కాకపోతే ఈసారి గోడు వినిపించినవాళ్ళు వేరు. 1939లో యుద్ధం రాగానే, విదేశాంగ శాఖ కోసం ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన పరిశోధన సంస్థలో ఈ ఇద్దరూ పనిచేశారు. హంగేరీ విభాగం మెకార్ట్నీ చేతిలో ఉంది. సెటన్-వాట్సన్‌కు అప్పటికి 60 ఏళ్ళు. యుద్ధకాలంలో మెకార్ట్నీ బి.బి.సి. నుంచి హంగేరియన్ భాషలో హంగేరీ శ్రోతలతో మాట్లాడేవారు. సెటన్-వాట్సన్ చెక్‌ల, స్లోవాక్‌ల చరిత్ర రాస్తూ ఉన్నారు. ఆ పుస్తకం 1943లో అచ్చయింది.